నమూనా విమానంలో పెట్రోలు ఇంజన్: అమరికలోని నేర్పు

1930ల తొలినాళ్ల వరకు అమెరికాలో పోటీలకు వచ్చే నమూనా విమానాలు ప్రధానంగా మెలిపెట్టిన రబ్బరు పట్టీల బలంతోనే ఎగిరేవి. పెట్రోలు ఇంజన్ అప్పటికి కొత్తేమీ కాదు. ఇంగ్లండులో డేవిడ్ స్టాంజర్ 1914లోనే అలాంటి విమానాన్ని 51 సెకన్లపాటు గాలిలో నిలిపాడు. అయితే ఫిలడెల్ఫియా యువకుడు విలియం బ్రౌన్ రూపొందించిన ఒంటి సిలిండరు ఇంజన్‌ను మాక్స్‌వెల్ బాసెట్ తన విమానానికి అమర్చి, 1933 జాతీయ పోటీలలో రబ్బరు విమానాలను ఓడించిన తరువాతనే పెట్రోలు విమానాలకు ప్రత్యేక తరగతి ఏర్పడింది. సుమారు 10 ఘన సెంటీమీటర్ల పరిమాణం గల ఆ ఇంజన్ బ్రౌన్ జూనియర్ పేరుతో 21.50 డాలర్లకు అమ్ముడుపోయింది. మాంద్యపు రోజులలో అది ఏ కుర్రవాడికైనా పెద్ద మొత్తమే.

ఇంజన్ కొనడం డబ్బుతో తీరే పని, దానిని విమానంలో కుదర్చడం మాత్రం అలా తీరేది కాదు. రేడియో నియంత్రణ లేని ఆ విమానాన్ని చేతినుంచి వదిలిన తరువాత దానికి ఏ ఆదేశమూ అందదు. 1934లో బాసెట్ విమానం న్యూజెర్సీలో లేచి, రెండున్నర గంటలకు పైగా ఎగిరి, పొరుగున ఉన్న డెలావేర్ రాష్ట్రంలో దిగిందంటే, శక్తికి కొదవ లేదనీ, దానిని అదుపులో ఉంచడమే అసలు సమస్య అనీ అర్థమవుతుంది. అందువల్ల ఎంత ఎత్తుకు పోవాలి, ఎటు తిరగాలి, ఎప్పుడు ఆగాలి అన్నవన్నీ ఇంజన్‌ను బిగించే తీరులోనే ముందుగా నిర్ణయించవలసి వచ్చేది.

బాల్సా వంటి మెత్తని చెక్క ఇంజన్ అదురును తట్టుకోలేదు కనుక, మేపుల్ వంటి గట్టి చెక్క పట్టెలు రెండింటిని ముందరి ప్లైవుడ్ పలకలకు అంటించి, వాటిపై ఇంజన్‌ను బోల్టులతో బిగిస్తారు. బిగించేటప్పుడు ప్రొపెల్లర్ లాగే దిశను కొద్దిగా కిందికీ, కొద్దిగా పక్కకూ వంచుతారు. ఇంజన్ పూర్తి బలంతో లాగుతున్నప్పుడు విమానం ముక్కు పైకి లేచి వేగం చచ్చి కూలకుండా కిందివంపు కాపాడుతుంది. వెనకనుంచి చూస్తే సవ్యదిశలో తిరిగే ప్రొపెల్లర్‌కు ప్రతిచర్యగా విమానం ఎడమకు ఒరిగిపోకుండా కుడివంపు సర్దుతుంది. ఈ వంపులు ఇంజన్ నడిచినంతసేపే పనిచేస్తాయి, అది ఆగగానే వాటి ప్రభావం మాయమవుతుంది. ఈ తేడాను గ్రహించినవారు ముందుగా ఇంజన్ నడపకుండా విమానాన్ని చేతితో విసిరి, తోకను సర్ది, నేలకు నెమ్మదిగా జారేలా చేసుకుంటారు. ఆ తరువాత తోక జోలికి పోకుండా, ఇంజన్ కాళ్ల కింద పలుచని వాషర్లు పెట్టి ఆరోహణను మాత్రమే దిద్దుతారు. ఈ వరుస తప్పినవారు ఒకదానిని సరిచేయబోయి మరొకదానిని చెడగొట్టుకుంటారు.

ఆ కాలపు విమానాలలో ఎక్కువ చికాకు పెట్టినది నిప్పురవ్వ ఏర్పాటు. బ్యాటరీనుంచి వచ్చే కరెంటు కాయిల్‌లోని దళసరి తీగచుట్టలో ప్రవహిస్తుండగా, ఇంజన్ ఇరుసుతోపాటు కదిలే పాయింట్లు విడిపోవడంతో ఆ ప్రవాహం తెగి, సన్నతీగ చుట్టలో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, స్పార్క్ ప్లగ్ కొన వద్ద రవ్వగా దూకుతుంది. పాయింట్ల మధ్యనే రవ్వలు లేచి అవి కాలిపోకుండా ఆపేది కండెన్సర్. ఇంజన్ మొరాయించినప్పుడు అనుభవజ్ఞులు మొదట అనుమానించేది అదురుకు విడిపోయిన టంకాన్నో, నూనె పట్టిన పాయింట్లనో, నీరసించిన బ్యాటరీనో తప్ప ఇంజన్‌ను కాదు. విమానంలో మోయగల చిన్న బ్యాటరీ త్వరగా అయిపోతుంది కాబట్టి, స్టార్టు చేసేటప్పుడు నేలమీది పెద్ద బ్యాటరీని తగిలించి, ఇంజన్ అందుకున్న తరువాత చిన్నదానికి మార్చేవారు.

పాత స్కూటర్లలో లాగానే పెట్రోలులోనే నూనె కలపాలి, అయితే ఇక్కడ మోతాదు చాలా ఎక్కువ: సాధారణంగా మూడు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు చిక్కని నూనె. రింగులు లేని పిస్టన్‌కూ సిలిండరుకూ మధ్య సందును మూసేది కూడా ఈ నూనె పొరే. స్టార్టు చేసేటప్పుడు రవ్వ ఆలస్యంగా పడేలా పాయింట్ల మీటను వెనక్కి ఉంచుతారు, లేకుంటే ప్రొపెల్లర్ ఎదురుతన్ని వేళ్లను గాయపరుస్తుంది. ఇంజన్ అందుకున్న తరువాత మీటను ముందుకు జరుపుతూ, ఇంధనాన్ని తగ్గించి పెంచే సూదివాల్వును మెల్లగా బిగిస్తూ పోతే, తడబడే మోత క్రమంగా ఒకే స్వరంగా నిలకడ పొందుతుంది. అక్కడినుంచి సూదిని ఒక పిసరు వదులు చేయడమే మంచిది. బొత్తిగా బిగించిన ఇంజన్ గాలిలో వేడెక్కి ఆగిపోతుంది.

ఇక ఆపడం. తొలి రోజుల్లో ట్యాంకులో కొలిచి పోసిన ఇంధనం అయిపోవడమే గడువు. తరువాత ఇంజన్ నడిచే కాలాన్నే నియమాలు సెకన్లలో పరిమితం చేయడంతో, ఫొటో తీసుకునేవారు కెమెరాకు తగిలించే స్వయంచాలక మీటను తెచ్చి, గడువు తీరగానే కరెంటు తెంచే టైమరుగా వాడుకున్నారు. ఆ కాలపు సర్దుబాట్లలో ఇంతకంటే ముచ్చటైనది అరుదు.

1947లో రే ఆర్డెన్ గ్లోప్లగ్‌ను మార్కెట్లోకి తెచ్చాక కాయిల్, పాయింట్లు, కండెన్సర్ల అవసరం చాలావరకు తీరిపోయింది. ఆ ప్లగ్‌లోని తీగ మిథనాల్ ఆవిరి తగిలి, ఇంజన్ వేడికే ఎర్రగా ఉంటుంది. దశాబ్దాల తరువాత భారీ నమూనాల కోసం పెట్రోలు ఇంజన్లు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌తో తిరిగి వచ్చాయి. వీటిలో రవ్వ పుట్టించే విద్యుత్ అలజడి రేడియో సంకేతాలను చెడగొట్టకుండా ఇగ్నిషన్ పెట్టెనూ దాని బ్యాటరీనీ రిసీవరుకు దూరంగా అమర్చడం తప్పనిసరి. ఇటు పాత పద్ధతిని నిలబెట్టేందుకు అమెరికాలో 1962లో ఏర్పడిన సొసైటీ ఆఫ్ యాంటిక్ మోడలర్స్ సభ్యులు 1930ల నక్షాలతో విమానాలు కడుతూనే ఉన్నారు. వాటిలో తేలికైన గ్లో ఇంజన్ పెట్టదలచినవారు ముక్కులో సీసం కూడా పెట్టవలసి వస్తుంది, ఎందుకంటే ఆ నక్షాలు గీసినవారు కాయిల్, బ్యాటరీల బరువును లెక్కలోకి తీసుకొనే విమానపు తూకాన్ని కుదిర్చారు.