బొమ్మను చూస్తూ వాయించడం

తెలుగు సినిమాలో జాజ్ అనగానే ముందు గుర్తొచ్చేది క్లబ్బు పాట. తిరిగే రంగు లైట్లు, సిగరెట్ పొగ, విలన్ చేతిలో గ్లాసు, ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, వెనకాల గోలగోలగా ట్రంపెట్లు. శాక్సాఫోన్ మోగిందంటే తెర మీద ఎవరో చెడిపోతున్నారని ఏళ్ల తరబడి మనకు అలవాటు చేశారు. అంతటి వాయిద్యాన్ని అంత చిన్న పనికి కట్టేశారు. జాజ్ సినిమాకు ఇవ్వగల అసలు సరుకు దాన్ని రికార్డు చేసే తీరులో ఉంది. ఆ తీరు మన మద్రాసు రీ-రికార్డింగ్ థియేటర్లకు మరీ పరాయిదేమీ కాదు.

1957 డిసెంబరు 4 రాత్రి పారిస్‌లో లూయీ మాల్ అనే పాతికేళ్ల దర్శకుడు తన సినిమాకు సంగీతం రికార్డు చేయించాడు. తెలుగులో ఆ సినిమా పేరు చెప్పుకోవాలంటే ‘ఉరికంబానికి లిఫ్టు’. ట్రంపెట్ పట్టింది అమెరికా నుంచి కచేరీలకు వచ్చిన మైల్స్ డేవిస్. తోడు నలుగురే: డ్రమ్స్ కెన్నీ క్లార్క్, బాస్ పియర్ మిషెలో, పియానో రెనే ఉర్త్రెజె, శాక్సాఫోన్ బార్నీ విలెన్. మైల్స్ అంతకుముందే సినిమా చూసి, కొన్ని స్వరాల చట్రాలు మాత్రం మనసులో పెట్టుకుని వచ్చాడు. సన్నివేశాలను తెర మీద మళ్లీ మళ్లీ తిప్పుతుంటే, వాటిని చూస్తూ వాయించారు. తెల్లారేసరికి పని అయిపోయింది. మొత్తం సినిమాలో ఆ సంగీతం 20 నిమిషాలకు మించదు. ప్రియుణ్ని వెతుక్కుంటూ జాన్ మోరో అర్ధరాత్రి వీధుల్లో తిరుగుతుంటుంది, ఆమె ముఖం పెద్దగా ఏమీ చెప్పదు. చెప్పాల్సిందంతా ట్రంపెట్ చూసుకుంటుంది.

ఇక మద్రాసుకు వద్దాం. ఏలూరు ప్రాంతం నుంచి వెళ్లిన ఎల్.వి. ప్రసాద్ స్థాపించిన ప్రసాద్ స్టూడియోలో ఇళయరాజా సుమారు నాలుగు దశాబ్దాలు రీ-రికార్డింగ్ చేశారు. 1,000 అడుగుల రీలు, అంటే 11 నిమిషాల బొమ్మ. అది చూసేవారు, కూర్చుని నొటేషన్ రాసేవారు, సహాయకులు ఒక్కో వాయిద్యానికి విడిగా ఎత్తి రాసిచ్చేవారు. డ్రమ్స్ దగ్గర పురుషోత్తమన్, కీబోర్డు దగ్గర విజీ మాన్యువల్, వరుసల్లో వయొలిన్లు. తెర మీద బొమ్మ నడుస్తుండగా అందరూ ఒకేసారి వాయించాల్సి వచ్చేది. ఒక్కరు తప్పినా టేకు మళ్లీ మొదటికొచ్చేది. పారిస్‌కూ మద్రాసుకూ తేడా కాగితంలోనే ఉంది. ఇక్కడ ప్రతి స్వరమూ రాసి ఉండేది. జాజ్ వాళ్ల కాగితం మీద నాలుగు కార్డ్స్ (కలిపి మోగించే స్వరాల గుత్తులు) పేర్లుంటే ఎక్కువ.

ఈ పద్ధతి లోపల ఏం జరుగుతుందో ఒక సన్నివేశం పెట్టుకుని చూద్దాం. యాలాల్ దగ్గర షూటింగ్ అనుకోండి. తాండూరు నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్‌లో పని ముగించుకున్న మనిషి సందెవేళ కాగ్నా వంతెన దాటి ఇంటికి నడుస్తున్నాడు. కూలి డబ్బులు చేతికి రాలేదు. ఇంట్లో ఏం చెప్పాలో తోచడం లేదు. మాటలు లేవు. నిడివి 2 నిమిషాల 24 సెకన్లు.

మామూలుగా ఇక్కడ వయొలిన్ల మూకుమ్మడి ఏడుపు, పైన ఒక వేణువు పడతాయి. జాజ్ వాళ్లు ముందు అతని నడక చూస్తారు. అలసిన నడక, నిమిషానికి 80 అడుగులు. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక్కో దెబ్బకు 18 ఫ్రేములు. స్వింగ్ అనే జాజ్ నడక దెబ్బను మూడుగా చీల్చి, రెండు వంతులు సాగదీసి ఒక వంతు పొట్టిగా వదులుతుంది, అంటే 12 ఫ్రేములు, 6 ఫ్రేములు. తిశ్రగతి తెలిసినవాడికి ఇది కొత్త కాదు, డప్పు చప్పుడుకు ఎదిగిన చెవికి అసలే కాదు. బారుకు నాలుగు దెబ్బల చొప్పున 12 బార్ల బ్లూస్ ఒక ఆవర్తనం ఈ వేగంలో 36 సెకన్లు పడుతుంది. సన్నివేశానికి సరిగ్గా నాలుగు ఆవర్తనాలు.

మొదటి ఆవర్తనంలో ఒక్క బాస్, దెబ్బకొక స్వరం చొప్పున నడుస్తుంది. రెండోదాంట్లో డ్రమ్మర్ పుల్లలు పక్కన పెట్టి, తీగల కుంచెలతో స్నేర్ డ్రమ్ మీద రాస్తాడు. వాటితో కొట్టడం తక్కువ, రాయడం ఎక్కువ. మూడోదాంట్లో హార్మన్ మ్యూట్ (ధ్వనిని అణిచే మూత) బిగించిన ట్రంపెట్ వస్తుంది. మ్యూట్ మధ్య గొట్టం తీసేసి, దాని అంచు మైక్‌కు దాదాపు తగిలేలా పట్టుకుని మెల్లగా ఊదితే ఊపిరి కూడా వినిపిస్తుంది. నాలుగోదాంట్లో ఇంటి దీపం కనబడగానే ట్రంపెట్ వాక్యం మధ్యలో ఆగిపోవాలి, బాస్ ఒక్కటే గుమ్మం దాకా వెళ్లాలి. అడుగుకూ దెబ్బకూ అచ్చంగా జత కలిపితే మాత్రం కార్టూన్ సినిమా అయిపోతుంది. మంచి బాసిస్టు అడుగుకు వెంట్రుకవాసి వెనకే ఉంటాడు.

ఆగడం ఎక్కడన్నది ఎవరూ రాసివ్వరు. తెర చూస్తున్న మనిషికే తెలియాలి. కర్ణాటక కచేరీలో మనోధర్మం అనేది ఇదే గుణం, కాకపోతే అక్కడ హద్దు గీసేది రాగం, ఇక్కడ బొమ్మ. ‘ఆకలి రాజ్యం’లో ఎమ్మెస్ విశ్వనాథన్ కట్టిన ఒక పాటలో ఒకరు స్వరం విసురుతుంటే ఇంకొకరు అప్పటికప్పుడు మాటలు అల్లుతారు. అది ముందే రాసి, సాధన చేసి పాడిన పాటే. అయినా ఆ క్షణంలో పుట్టినట్టే వినిపిస్తుంది. జాజ్ రికార్డింగ్‌లో ఆ నటన అక్కర్లేదు.

రికార్డిస్టుకు ఇది కాస్త ఇబ్బంది పెట్టే పని. వాయించేవాళ్లంతా ఒకే గదిలో, ఒకరి కళ్లు ఒకరికి కనబడేలా కూర్చోవాలి. డ్రమ్స్ చప్పుడు బాస్ మైక్‌లోకి, ట్రంపెట్ పియానో మైక్‌లోకి కారుతుంది. తర్వాత ఒక్క వాయిద్యాన్నే సరిచేద్దామంటే కుదరదు. ఇవాళ ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, చెవుల్లో తాళం చెప్పే క్లిక్ పెట్టి, ట్రాకు మీద ట్రాకు పేర్చే పద్ధతిలో శుభ్రత ఉంది, ఖర్చు కూడా అదుపులో ఉంటుంది. కాదనను. కానీ బాసిస్టు సోమవారం వాయించి వెళ్లి, ట్రంపెట్ ఆయన గురువారం వస్తే, ఒకరు ఆగినప్పుడు రెండోవాడు ఊపిరి బిగబట్టే అవకాశం ఎక్కడుంటుంది? జాజ్‌ను వేషంగానో కాలానికి గుర్తుగానో వాడాలంటే ట్రాకుల పద్ధతి చాలు. పాత మద్రాసు సినీలోకాన్ని చూపించిన ‘ఇద్దరు’ (1997)లో రెహమాన్ జాజ్ పాటలు ఆ కాలపు గాలిని చక్కగా పట్టాయి. మౌనంగా నడిచే మనిషికి మాత్రం జనం ఒక గదిలో కలవాలి.

వాయించేవాళ్లు ఎక్కడ దొరుకుతారన్నది అసలు ప్రశ్న. తాండూరు, వికారాబాద్ పెళ్లి బరాత్‌లలో క్లారినెట్, ట్రంపెట్ పట్టే బ్యాండు వాళ్లను మనం సంగీతకారుల లెక్కలో వేయం. ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ (2024) లాంటి సినిమా వచ్చాక కాస్త చూపు మళ్లిందేమో. న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ పుట్టింది ఊరేగింపు బ్యాండుల పక్కనే. మన బ్యాండు మేళమూ పటాలం బ్యాండుల నుంచి దిగివచ్చిందే. బరాత్‌లో వీళ్లు చేసేది గమనించండి: గుర్రం ఆగితే చరణం సాగదీస్తారు, కుర్రాళ్లు ఊపందుకుంటే తీన్‌మార్‌కు మారతారు, పెళ్లివారి గుమ్మం రాగానే పాట ఎక్కడున్నా ముగించేస్తారు. కాగితం లేదు, క్లిక్ లేదు. బ్లూస్ కార్డ్స్ నేర్చుకోవాలి, మెల్లగా ఊదడం నేర్చుకోవాలి. రెండోది చాలా కష్టం, వీధిలో వాయించిన ఊపిరి అంత తేలిగ్గా తగ్గదు.

‘బర్డ్‌మ్యాన్’ (2014)కు డ్రమ్స్ వాయించిన అంతోనియో సాంచెజ్ ఎదురుగా దర్శకుడు ఇన్యారితు కూర్చుని, పాత్ర తలుపు తీసేచోట, మలుపు తిరిగేచోట చెయ్యెత్తి సైగ చేసేవాడట. యాలాల్ సినిమాకు ఆ చెయ్యెత్తే పని బ్యాండు మాస్టరుకు అప్పజెప్పవచ్చు. గుర్రం ఎప్పుడు కదులుతుందో ఆయనకు ముందే తెలుస్తుంది.