పూతబంగారు దారుశిల్పం: శిల్పి, సేకర్త – ఒక విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం:

18వ శతాబ్దపు ఇంగ్లాండులో సంపన్న గృహాల గోడలకు చెక్కడపు అద్దాల చట్రాలు, కొవ్వొత్తుల కొమ్మలున్న 'గిరండోల్' దీపాలు శోభనిచ్చేవి. చెక్కను మలచి బంగారు రేకు అద్దిన ఈ అలంకారాలు నేడు మ్యూజియం పట్టికలలో, వేలంపాటల సూచికలలో తరచుగా పూర్వ సేకర్తల పేర్లతోనే గుర్తింపు పొందుతున్నాయి. వాటిని చెక్కిన చేతులకు చరిత్రలో దక్కిన స్థానమెంత అన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న. లండన్ దారుశిల్పి థామస్ జాన్సన్ కృషి ఆధారంగా ఈ పరిశీలన సాగుతుంది.

నిర్మాణ విధానం:

లైమ్, పైన్ వంటి మెత్తని కలపపై ముందుగా ఆకృతిని చెక్కుతారు. దానిపై సుద్దపొడి, జంతుచర్మపు జిగురు కలిపిన పూతను పొరలు పొరలుగా వేస్తారు. ఆ పూతలో పూడుకుపోయిన సన్నని గీతలను తిరిగి చెక్కి, మెత్తని ఎర్రమట్టి పూసి, తడిపి బంగారు రేకు అద్దుతారు. మెరవవలసిన చోట్ల అగేటు రాతితో రుద్దుతారు. కాబట్టి ఇందులో చెక్కడం ఎంత ముఖ్యమో పూతపని కూడా అంతే ముఖ్యం. తరువాతి కాలంలో పాత పూతను తొలగించకుండా దానిమీదే కొత్త పూత వేస్తే అసలు చెక్కడపు పదును మరుగునపడుతుంది. నేడు కంటికి కనిపించే రూపమంతా తొలి శిల్పిదే అనుకోవడం ఈ కారణంగా పొరపాటవుతుంది.

జాన్సన్ – ఆకృతి గ్రంథాలు:

జాన్సన్ 1758లో తన ఆకృతుల సంపుటిని వెలువరించాడు. ఫ్రెంచి వస్తువుల వాడకాన్ని వ్యతిరేకించిన 'యాంటీ గాలికన్' సంఘం అధ్యక్షుడు లార్డ్ బ్లేక్నీకి దాన్ని అంకితమిచ్చాడు. అయితే సంపుటిలోని శైలి ఫ్రాన్సులో పుట్టిన రొకోకో. ఈ వైరుధ్యాన్ని కపటంగా కొట్టివేయలేము. పరదేశీ సరుకును కాదంటూనే పరదేశీ శైలిని తనది చేసుకొన్న వృత్తికారుని జీవనావసరం ఇందులో వ్యక్తమవుతుంది. ఆ శైలిలోనే అతడు ఈసపు కథల జంతువులకు, పల్లెటూరి మనుషులకు చోటు కల్పించాడు.

ఇటువంటి గ్రంథాలు ఇతర వృత్తికారులకూ మాతృకలయ్యాయి. 1754లో వెలువడిన థామస్ చిప్పెండేల్ 'డైరెక్టర్' కూడా ఈ కోవలోనిదే. అందువల్ల ఒక గిరండోల్ జాన్సన్ ముద్రించిన ఆకృతిని పోలి ఉన్నంత మాత్రాన అది అతని పనిశాలలోనే తయారైందని నిర్ధారించలేము. పోలిక ఆకృతికర్తను సూచిస్తుంది గాని శిల్పిని నిరూపించదు.

సేకర్తల పాత్ర:

సబ్బుల పరిశ్రమాధిపతి లార్డ్ లెవర్‌హ్యూమ్ 18వ శతాబ్దపు ఇంగ్లీషు గృహోపకరణాలను విరివిగా సేకరించాడు. 1922లో పోర్ట్ సన్‌లైట్‌లో ప్రారంభమైన లేడీ లెవర్ ఆర్ట్ గ్యాలరీ ఆ సేకరణకు నిలయం. న్యూయార్కు న్యాయమూర్తి ఇర్విన్ అంటర్‌మయర్ తన సేకరణను మెట్రోపాలిటన్ మ్యూజియానికి దానమిచ్చాడు. ఇటువంటి సేకర్తల శ్రద్ధ లేకపోతే ఎన్నో వస్తువులు చెదిరిపోయేవి. అయితే ఒక వస్తువు ఎవరెవరి చేతులు మారిందో తెలిపే యాజమాన్య చరిత్ర ఆ వస్తువుకు గౌరవాన్ని, ధరను పెంచుతుంది గాని దాని జన్మను వివరించదు. యజమానుల వరుస ఎంత పొడవుగా ఉన్నా పనిశాలలోని ఖాళీ పూరింపబడదు. సాలార్‌జంగ్ మ్యూజియం వంటి సేకర్త పేరిట వెలసిన సంస్థలను చూసే తెలుగు పరిశోధకులకు ఈ వివేచన అవసరం.

ముగింపు:

జాన్సన్ 1793లో తన జీవిత కథను ప్రచురించాడు. 2003లో అది తిరిగి ముద్రితమై పండితుల దృష్టికి వచ్చింది. చెక్కడపు పనివాడు స్వయంగా చెప్పుకొన్న కథ అంతకాలం మరుగునపడి ఉండటం ఈ రంగంలోని అసమతుల్యానికి నిదర్శనం. వస్తు వివరణలో ఆకృతికర్త, శిల్పి, పూతపనివాడు, సేకర్త అనే నలుగురినీ విడివిడిగా నమోదు చేయాలి. పేరు తెలియని చోట 'అజ్ఞాత శిల్పి' అని రాయడం కూడా ఒక చారిత్రక సత్యమే. ఆ స్థానంలో యజమాని పేరు నింపడం మాత్రం సత్యం కాదు.