బీభత్సరసమును, క్రొత్త లోహగానమును

ఏ కాలమునందైనను పెద్దల చెవులకు రోతగాను, పిల్లల చెవులకు ప్రీతిగాను ఉండు సంగీతమొకటి యుండుట లోకసహజము. పెద్దలు దానిని వినకయే నిందింతురు. పిల్లలు దానిని విచారింపకయే పూజింతురు. ఈ రెండును విమర్శ కాజాలవు. ఈ నెల మేము విమర్శకు గైకొన్న పాటలు ఇట్టి తగవునకు గురియైనవి. వీనిని బ్లాక్ మెటల్ అనియు, డెత్ మెటల్ అనియు పిలుచుచున్నారు. విజయనగరమున వీణను, వయొలీనును విని పెరిగిన చెవులతో వీనిని విని, మాకు తోచినదానిని చదువరులకు విన్నవించుచున్నాము.

మేము ఈ పనికి పూనుకొనుటకు కారణమొకటి కలదు. మాయొద్ద చదువు పిల్లవాడొకడు శ్రీకాకుళము జిల్లా ఉద్దానపు ప్రాంతమువాడు. కొబ్బరితోటలకును జీడితోటలకును పేరుపడిన ఆ సీమలో మూత్రపిండముల వ్యాధి యెన్ని కుటుంబములను కూల్చినదో చదువరులెరుగుదురు. ఆ పిల్లవాని తండ్రియు ఆ వ్యాధితోనే గతించెను. పిల్లవానిని మేనమామ తన యింటికి తెచ్చుకొని చదివించుచున్నాడు. ఒకనాటి సాయంకాలము ఆ మేనమామ పిల్లవాని ఫోను చేతబట్టుకొని మాయింటికి వచ్చి, "మాస్టారూ, మా మేనల్లుడు పాడైపోతున్నాడండి. రాత్రుళ్లు దెయ్యాల పాటలు వింటున్నాడు. మీరైనా మందలించండి" అని మొరపెట్టుకొనెను. మేము పిల్లవానిని పిలిపించి యడిగితిమి. అతడు చాలసేపు తలవంచుకొని నిలిచి, తుదకు, "అందరూ ఏడవొద్దంటారండి. ఈ పాటలు నన్ను ఏమీ అనవండి" అనెను. ఈ మాట విన్నపిమ్మట మందలించుటకు మాకు నోరు రాలేదు. వానియొద్దనుండియే పాటల పట్టిక వ్రాయించుకొని, ఆరువారములు శ్రద్ధగా వింటిమి.

ముందుగా ఈ గానముయొక్క పుట్టుక నెరుగుట యవసరము. ఇంగ్లండు దేశమందలి బర్మింగ్‌హామ్ కర్మాగారముల పట్టణము. అచ్చట లోహపురేకుల కర్మాగారమున పనిచేయు టోనీ ఐయోమీ యను యువకుడు యంత్రమునబడి రెండు వ్రేళ్ల కొనలను పోగొట్టుకొనెను. అతడు వ్రేళ్లకు తొడుగులు చేసికొని గిటారును విడువక సాధించెను; తరువాత తీగలను వదులు చేసి శ్రుతిని దించెను. అతడును అతని మిత్రులును కూడిన బ్లాక్ సబ్బాత్ మేళము 1970లో తొలి సంపుటమును వెలువరించెను. లోహగానమున కదియే మూలమని పలువురి యభిప్రాయము. న్యూకాసిల్ పట్టణపు వెనమ్ మేళమువారు 1982లో "బ్లాక్ మెటల్" అను సంపుటమును ప్రకటింపగా, ఆ పేరే యొక శాఖకు నిలిచెను. అమెరికాలో పొసెస్డ్ మేళమువారి "సెవెన్ చర్చెస్" 1985లోను, డెత్ మేళమువారి "స్క్రీమ్ బ్లడీ గోర్" 1987లోను వెలువడి రెండవ శాఖను నాటెను. వీనికి పెద్ద వ్యాపారసంస్థల యాదరణ లేకుండెను. క్యాసెట్లను తపాలాలో నొకరికొకరు పంపుకొనుచు, స్వయముగా చిన్నపత్రికలు అచ్చువేసికొనుచు వీరు శ్రోతలను సంపాదించుకొనిరి. కొలదిమంది చందాదారులతో సారస్వతపత్రికలను నడిపిన మనవారికి ఈ పాట్లు క్రొత్తవి గావు.

ఇక సంగీతవిషయము. బ్లాక్ సబ్బాత్ వారి తొలిపాటలో మూడే స్వరములు ముఖ్యములు: షడ్జము, పైషడ్జము, ప్రతిమధ్యమము. షడ్జమునకును ప్రతిమధ్యమమునకును గల యంతరమును ఐరోపావారు సంగీతమందలి సైతానని పిలిచిరి. మనకో, డెబ్బదిరెండు మేళకర్తలలో 37వది మొదలుకొని తుదివరకు గల ముప్పదియారును ప్రతిమధ్యమమేళములే. మంగళకరమని మనము భావించు కల్యాణి యందులోనిదే. కాబట్టి స్వరమునందు పాపము లేదు. కల్యాణిలో ప్రతిమధ్యమము పంచమమును చేరి విశ్రాంతి పొందును. ఈ గానమున దానికి విశ్రాంతి నీయరు. దారి తప్పినవానివలె దానిని మంద్రస్థాయియందు నిలువబెట్టి విడుతురు. భయము పుట్టుట అందువలననే.

గాయకుని గొంతు మరియొక విశేషము. అది పాటగాదు, గర్జన. స్వరతంత్రులకు పైనుండు కృత్రిమతంత్రులను కంపింపజేసి ఆ ధ్వనిని పుట్టింతురట. సాధన లేనివాడు చేసినచో గొంతు చెడును. మృదంగస్థానమునందుండు డ్రమ్ములు నిమిషమునకు రెండువందల దెబ్బలను మించి పరుగిడును. మొదటిదినమున మాకిది యినుపకొట్టువాని యంగడివలె దోచెను. పదవదినమున లెక్క తెలియసాగెను. మా జిల్లాల తప్పెటగుళ్ల మేళము నెరుగనివాడు తొలిసారి విన్నపుడు అదియు గోలవలెనే తోచును గదా! రొమ్మునకు గట్టిన రేకువాద్యమును వ్రేళ్లతో వాయించుచు, ఎగురుచు, అందరునొక్కసారిగా మలుపు తిరుగు నేర్పు రెండవసారి విన్నవానికే కనబడును.

ఇక సంపుటముల విషయమునకు వత్తము. మా పట్టికలో మొదటిది హైదరాబాదునకు చెందిన గాడ్‌లెస్ మేళమువారిది. వీరు 2016లో "సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్", 2018లో "స్వార్మ్" అను చిన్నసంపుటములను ప్రకటించి, 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అను పూర్తిసంపుటమును వెలువరించిరి. "దేవుడులేనివారు" అను పేరు చూచి యులికిపడు గృహస్థులకు మా మనవి: చార్వాకుని పూర్వపక్షమును గ్రంథస్థము చేసి యుత్తరమిచ్చిన దేశము మనది, పేరునకు జడియనేల? వీరి వాద్యనైపుణ్యము గొప్పది. గిటారులు రెండును కత్తులవలె నొకదానినొకటి తాకుచు, ఎచ్చటను లయ తప్పక సాగును. లోపమేమనగా, వేగమునకు తగిన విరామము తక్కువ. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమానులో నిశ్శబ్దముకూడ పలికెడిది. ఆ విద్య వీరింకను అభ్యసింపవలసియున్నది. రెండవలోపము భాష. హైదరాబాదునందు పుట్టిన యీ కోపము ఇంగ్లీషుననే యేల పలుకవలెను? గురజాడవారు ఈ విజయనగరమునందే కూర్చుండి, జనుల నోట మెదలు తెలుగునకు సభాగౌరవము కలిగించిరి. ఉద్దానపు బావినీటిని గూర్చియు, తుపానునకు కూలిన తోటలను గూర్చియు మన మాటలతో గర్జింపగల మేళమొకటి పుట్టినచో మేము ముందువరుసలో కూర్చుండి విందుము.

రెండవది సింగపూరునందు 1992లో నేర్పడిన రుద్ర మేళమువారిది. వీరు "బ్రహ్మవిద్య" యను పేర మూడు సంపుటములను 2005, 2009, 2011 సంవత్సరములలో ప్రకటించిరి. సంస్కృతపాఠమును గర్జనతో జోడించుట వీరి మార్గము. సంస్కృతము చదివినవారమగుటచే మేము దీనిని సందేహముతో మొదలిడి గౌరవముతో ముగించితిమి. వేదాంతమును వీరు అలంకారమునకై వాడుకొనలేదు, విషయమునకై వాడుకొనిరి. ఐనను ఒక చిక్కు కలదు. సంస్కృతభాగము స్పష్టముగా వినబడును. దాని తాత్పర్యము చెప్పు ఇంగ్లీషుభాగము గర్జనలో మునిగిపోవును. మూలము తెలిసి టీక తెలియని గ్రంథమువలె నున్నది. 2022లో వీరు "ఎయిట్ మహావిద్యాస్" అను సంపుటమును వెలువరించిరి. తంత్రగ్రంథములలో మహావిద్యలు పదియని ప్రసిద్ధి. తక్కిన యిద్దరిని విడుచుటకు కారణము శ్రోతకు తెలియదు.

మూడవది బొంబాయి మేళమగు డెమోనిక్ రిసరెక్షన్ వారి "దశావతార్", 2017. మత్స్యమాదిగా కల్కిపర్యంతము పది యవతారములకు పది పాటలు. నరసింహావతారమునకు ఈ గానము తగినట్లు శాంతమూర్తియగు బుద్ధునకు తగదు. పదింటికిని ఒకే కవచము తొడిగిన ఫలమిది. నాల్గవది చెక్ దేశపు కల్ట్ ఆఫ్ ఫైర్ మేళమువారిది. 2013లో వచ్చిన యీ సంపుటమునకు "మృత్యు కా తాపసీ అనుధ్యాన్" అని హిందీపేరు పెట్టినారు. తాపసీ యనగా తపస్సుచేయు స్త్రీ. దానిని అనుధ్యానమునకు విశేషణము చేయుట తరగతిలో నైనచో మేము ఎఱ్ఱసిరాతో దిద్దెడివారము. కాని సంగీతముమాత్రము దిద్దనక్కరలేనిది. అందలి గంభీరమైన మందగతి యర్ధరాత్రము శ్మశానవాటిక దాటి నడచు బాటసారిని స్ఫురింపజేసినది. కాళీదేవిని వారు ఎంతవరకెరుగుదురో గాని, భయమును భక్తితో వినుట యెరుగుదురు.

ఇట్టి కళకు మన శాస్త్రమున తావు కలదా? కలదు. భరతుడు చెప్పిన యెనిమిది రసములలో రౌద్రము, భయానకము, బీభత్సము మూడును చేరియున్నవి. భయానకమునకు కృష్ణవర్ణమనియు, కాలుడు దేవతయనియు నాతడు విధించెను. బ్లాక్ అను పేరునకు ఇంతకంటె ప్రాచీనమైన సమర్థన మేమి కావలెను? భవభూతి మాలతీమాధవము పంచమాంకమున నాయకుని శ్మశానమున నిలిపి, పిశాచములకు మాంసమమ్మించెను. మన పండితులు దానిని నిషేధింపలేదు, పాఠ్యగ్రంథముగా చదివించిరి. కాని భవభూతి యా యంకమును దాటి ముందునకు పోయెను. బీభత్సమునుండి కరుణమునకు, ధైర్యమునకు దారి చూపెను. ఈ గానమునందు పలువురు శ్మశానమున ప్రవేశించుట నేర్చిరి, వెలువడుట నేర్వలేదు. ఇదియే దీనిపై మా ప్రధానమైన యాక్షేపము.

ఇంతకంటె కఠినముగా చెప్పవలసినది మరియొకటి కలదు. నార్వేదేశమున ఈ శాఖవారిలో కొందరు పాటతో తృప్తిపడక, ప్రాచీనమైన కొయ్యచర్చిలను తగులబెట్టిరి. బెర్గెన్ సమీపమందలి ఫాంటాఫ్ట్ చర్చి 1992లో భస్మమయ్యెను. 1993లో నొకడు తోటి వాద్యకుని పొడిచి చంపి, మరుసటియేట 21 సంవత్సరముల శిక్ష పొందెను. జాతిద్వేషమును పాడు మేళములు నేటికిని కలవు. డెత్ మెటల్ శాఖలో స్త్రీల శరీరమును చీల్చుటనే వినోదముగా వర్ణించిన పాటలు తక్కువగాదు. స్త్రీల దుఃఖమును దీర్చుటకు వీరేశలింగముగారివంటి పెద్దలు ఏ నాట పాటుపడిరో, ఆ నాటనున్న మనము దీనిని కళయని సహింపజాలము. భయమును చిత్రించుట వేరు. బలహీనుని బాధను రుచిచూచుట వేరు. మొదటిది రసము, రెండవది రోగము.

ఐనను దోషులను చూపి జాతినంతను వెలివేయుట మనకు తగదు. వాద్యమును చూచి జడియు అలవాటు క్రొత్తది గాదు. వయొలీను ఐరోపానుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులవంటివారు దానిని స్వీకరించుటచేతనే విజయనగరమునకు ద్వారమువారి కీర్తి దక్కెను. హార్మోనియమును ఆలిండియా రేడియోవారు 1940లో వెలివేసి 1971వరకును లోనికి రానీయకుండిరి. ఆ ముప్పదియేండ్లలో మన హరికథకులెవరును దానిని విడువలేదు.

కాబట్టి తలిదండ్రులకు మా సలహా యిది. ఫోను లాగుకొనకుడు, ప్రక్కన కూర్చుండి యొక పాట వినుడు. పాటలోని మాటలేమో వ్రాసి చూపుమని పిల్లవానినడుగుడు. గర్జన చాటున దాగిన నీచమైన మాట కాగితముపై దాగజాలదు. గొప్పమాట యున్నచో అదియు బయటపడును. చెవిలో పెట్టుకొను యంత్రముల విషయమున మాత్రము కఠినముగా నుండుడు. ఎనుబది డెసిబెల్ల ధ్వనిని వారమునకు నలుబది గంటలకు మించి వినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెప్పుచున్నారు. రసము పోయినను మరల వచ్చును. చెవి పోయినచో రాదు.

ఆ పిల్లవాని సంగతి చెప్పి ముగించెదము. మేము అతనికి కఠోపనిషత్తులోని నచికేతుని కథ చెప్పితిమి. యమునింట మూడురాత్రులు ఉపవసించి, యముడు ధనమును, భోగములను చూపినను లొంగక, చావన నేమని నిలువరించి యడిగిన బాలుడతడు. పిల్లవాడు వినివిని, "ఆ కుర్రాడిని ఎవరూ ఏడవొద్దనలేదాండి?" అని యడిగెను. మాకు సమాధానము తోచలేదు. మరునాడు అతని మేనమామను పిలిచి, ఫోనును మరల ఇప్పించితిమి. తండ్రినిగూర్చి యింట మాటలాడుకొనుడని చెప్పితిమి. మా యింట్లో ఆయన పేరెత్తి యేడాది దాటినదండీ, అని యాతడు చెప్పి కన్నులు తుడుచుకొనెను.

మృత్యువునుగూర్చి ఇంట మాట పుట్టనపుడే పిల్లలు దానిని పాటలలో వెదకుకొందురు. ఈ గానమున దోషములున్నవి, నిజమే. కాని మన మౌనమునందలి దోషము అంతకంటె చిన్నదిగాదు.