నీళ్లు అడగని కుండీ

చైత్రం వచ్చిందంటే దాచేపల్లిలో మల్లెకీ మందారానికీ రెండు పూటలా నీళ్లు పోయాల్సిందే. మా ఇంట్లో ఒక్క కుండీకి మాత్రం చుక్క పోయను. అందులో ఉన్నది నక్కవుల్లి. నాగులేటి పక్కన చేను చదును చేస్తుంటే ట్రాక్టరు పెకలించిన గడ్డ అది. పక్కింటి పిన్నిగారు ఏటా అడుగుతారు, "ఖాళీ కుండీయేగా బాబూ, కాస్త కొత్తిమీరన్నా చల్లుకోరాదా?"

దీని లెక్క మన పెరటి లెక్కకు తలకిందులు. తొలకరికి ఆకు వేస్తుంది. ఆ ఆకు వానాకాలమంతా వండిన తిండి గడ్డలో చేరుతుంది. తర్వాత ఆకు పండి, ఎండి, రాలిపోతుంది. రెంటచింతల ఎండలు పేపరుకెక్కే రోజుల్లో ఆకు తోడు లేకుండా నేలలోంచి పూకాడ ఒక్కటే లేస్తుంది. దాచుకున్న నీళ్లతోనే పూస్తుంది. అప్పుడు జాలిపడి నీళ్లు పోశామా, గడ్డ కుళ్లుతుంది. మొక్కలు పెంచేవాడికి చెయ్యి కట్టేసుకోవడమంత కష్టమైన పని లేదు.

పువ్వు గొప్ప అందగత్తేం కాదు. మట్టిరంగు కలిసిన తెలుపు, చిన్న గంటల్లా వేలాడుతుంది. చీకటి పడ్డాక విచ్చి, తెల్లారేసరికి వాడిపోతుంది. దేవుడికీ జడకీ పనికిరాదు. నాకు నచ్చింది అదే అనుకుంటాను.

నాపరాయికి మనూళ్లో కొదవా? కుండీ అడుగున ఆ ముక్కలు, పైన ఇసుక కలిపిన ఎర్రమట్టి. నల్లరేగడి వద్దు, నీరు పట్టి ఉంచుతుంది. గడ్డ మెడ మట్టి పైకి కనబడాలి. రసం తగిలితే దురద, అందుకని చేతికి కవరు తొడుక్కోండి.

సామర్లకోటలో తోట పెంచిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ దీన్ని సిల్లా ఇండికా అన్నాడు. ఇప్పటి పేరు డ్రిమియా ఇండికా. మధ్యధరా తీరంలో ఉండే దీని చుట్టాన్ని ప్రాచీన గ్రీకు వైద్యులు నీరువాపుకు వాడారు. గుండె మీద పనిచేసే ఆ గుణమే మోతాదు మించితే విషం. ఇంటివైద్యాల జోలికి పోకండి.

నల్లమల అభయారణ్యంలో తవ్వి తేవడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. గింజలు నయం. నల్లగా, పలచగా ఉంటాయి. తొలకరికి చల్లితే మొలుస్తాయి గానీ పువ్వుకు ఏళ్లు పడుతుంది. కావలసినవాళ్లు అడగండి, ఇస్తాను. కుండీని వంటింటి ఉల్లిగడ్డల బుట్టకు మాత్రం దూరంగా పెట్టుకోండి.