మూడు పలకలు, ఒక వంపు

మోర్గన్ కారు ఛాసీని, అంటే అడుగు చట్రాన్ని, కర్రతో చేస్తారని కార్ల పిచ్చి ఉన్నవాళ్లలో కూడా చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఛాసీ మొదట్నుంచీ లోహమే. కర్ర ఉండేది దాని మీద, రేకు తొడుగు లోపల, ఎముకల గూడులా. అది యాష్ కర్ర. క్రికెట్ వికెట్లు, సుత్తి పిడులు చేసేది దానితోనే. బరువు తక్కువ, దెబ్బకు ఓర్చుకుంటుంది, వంచితే వంగుతుంది.

ఇంగ్లండ్‌లో మాల్వర్న్ కొండల పక్కన హెచ్.ఎఫ్.ఎస్. మోర్గన్ ఈ కార్ల కంపెనీ పెట్టాడు. 1910లో లండన్ ఒలింపియా ప్రదర్శనకు ఆయన తెచ్చింది మూడు చక్రాల బండి. నాలుగో చక్రం 1936లో గానీ రాలేదు. ఆ కారు పేరు 4-4. నాలుగు సిలిండర్లు, నాలుగు చక్రాలు, అంతే. 1950లో ప్లస్ 4, 1968లో మూడున్నర లీటర్ల రోవర్ వి8 ఇంజన్‌తో ప్లస్ 8 వచ్చాయి. ఇంజన్లు బయట కొన్నవే. మోర్గన్ సొంత విద్యంతా కర్రలోనూ రేకులోనూ ఉంది.

వెనక చక్రం మీది వంపునే చూడండి. ఆ వంపును ఒకే దుంగలోంచి కోస్తే కర్ర నార అడ్డంగా తెగుతుంది, రేపు చీలేది అక్కడే. అందుకని మూడు పలచటి యాష్ పలకలకు జిగురు పూసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, వంపు తిరిగిన అచ్చుకు బిగిస్తారు. జిగురు ఆరాక విప్పితే పలకలు మళ్లీ తిన్నగా కావు. నార తెగలేదు కనుక బలమూ పోదు. ఆ తర్వాత చిత్రిక పట్టి మిగతా గూడుతో కలుపుతారు. కర్ర పుచ్చకుండా మందు పట్టిస్తారు.

చేతిపని కాబట్టి ఏ రెండు గూళ్లూ అచ్చుగుద్దినట్టు ఉండవు. అందుకే బానెట్ రేకును ఆ కారు మీదే పెట్టి చూసుకుంటూ వంచి, కత్తిరించి సరిచేస్తారు. దాన్ని తీసి పక్క కారుకు పెడితే సరిగ్గా కూర్చుంటుందన్న నమ్మకం లేదు.

ఇదంతా మ్యూజియం సరుకు అనుకునేరు. 1962లో ఇరవై నాలుగు గంటల ల మాన్ రేసులో ప్లస్ 4 తన తరగతిలో గెలిచింది. ఇక చెమ్మ తగిలితే కర్ర పుచ్చుతుంది, అది ఈ కారుకున్న అసలు బలహీనత. కానీ పుచ్చిన ముక్క వరకు తీసి, మంచి వడ్రంగి చేత కొత్తది అతికించుకోవచ్చు.

1990 నాటి బీబీసీ కార్యక్రమం కోసం వ్యాపార నిపుణుడు సర్ జాన్ హార్వీ-జోన్స్ ఫ్యాక్టరీకి వెళ్లాడు. కొనేవాళ్లు ఏళ్ల తరబడి వరసలో ఉన్నారు, ఉత్పత్తి పెంచండి, పద్ధతులు మార్చండి అన్నాడు. మోర్గన్ కుటుంబం ఆ సలహాను పక్కన పెట్టింది. మొండితనమే అనుకుందాం. కానీ అవసరమైన చోట వాళ్లూ మారారు. 1936 నాటి పద్ధతిలో వస్తున్న ఉక్కు ఛాసీ 2020లో ఆగిపోయి, దాని స్థానాన్ని అల్యూమినియం ఛాసీ తీసుకుంది. అంతకు ముందు ఏడాదే కంపెనీలో పెద్ద వాటా ఇటలీ పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది.

యాష్ గూడు మాత్రం అలాగే ఉంది. అచ్చులో బిగించిన పలకల మీద ఏ యజమాని తొందరా పనిచేయదు. జిగురు ఆరేదాకా ఆగాల్సిందే.