గాత్రం, శ్వాస, పాత్ర: వైజ్ఞానిక, అద్భుత కల్పనా చిత్రాల్లో వాచికాభినయం

సంస్కృతంలో ‘గాత్రం’ అంటే శరీరం. తెలుగు వాడుకలో ఆ మాట కంఠధ్వనికి పేరైంది. గాత్ర కచేరీ అన్నా, సినిమా రంగంలో గాత్రదానం అన్నా మనకు స్ఫురించేది గొంతే. వైజ్ఞానిక, అద్భుత కల్పనా చిత్రాలను పరిశీలించేవారికి ఈ అర్థవిపరిణామం ఒక మంచి ప్రశ్నను అందిస్తుంది. ఒకరి దేహం కనిపిస్తుండగా మరొకరి గొంతు వినిపించే పాత్రలు, అసలు దేహమే లేని పాత్రలు ఈ చిత్రాల్లో విరివిగా తారసపడతాయి. అటువంటి చోట గొంతు ఇచ్చిన నటుడు పాత్రకు శరీరాన్ని కూడా ఇస్తున్నాడా? ఇస్తే అది ఎటువంటి శరీరం?

ఈ పాత్రలను పోల్చే విమర్శ చాలావరకు ఎవరి గొంతు గంభీరం, ఎవరిది ఎవరికి నప్పింది అన్న చర్చ దగ్గరే ఆగిపోతున్నది. గాంభీర్యం గొంతు లక్షణమే తప్ప పాత్ర లక్షణం కాదు. అంతకంటే ఉపయోగకరమైన సాధనం మన లాక్షణికుల వద్దనే ఉంది. వాచికాభినయాన్ని వివరిస్తూ భరతుడు నాట్యశాస్త్రంలో స్వరానికి ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చెప్పాడు. దూరాన ఉన్నవారిని పిలవడానికి శిరస్సు, కొద్ది దూరంలో ఉన్నవారికి కంఠం, పక్కనే ఉన్నవారితో మాట్లాడడానికి ఉరస్సు తగినవని ఆయన విభాగం. అంటే స్వరస్థానం వక్తకూ శ్రోతకూ నడుమ ఉన్న దూరాన్ని కూడా సూచిస్తుంది. ఈ మూడు స్థానాలకూ ఆధారమైన శ్వాసను కూడా పరిగణిస్తే పై ప్రశ్నకు సమాధానం దొరుకుతుందని ఈ వ్యాసం ప్రతిపాదన.

స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968)లోని హాల్ 9000 అనే కంప్యూటర్‌కు కెనడా రంగస్థల నటుడు డగ్లస్ రెయిన్ గొంతు ఇచ్చాడు. అందులో కోపం లేదు, తొందర లేదు, ఊపిరి తీసుకున్న జాడ లేదు. ఆ లోటు ఎంత ఆలోచించి కల్పించినదో తెలియాలంటే చిత్రంలోని శ్వాస ధ్వనులను వినాలి. వ్యోమగామి పూల్ నౌక వెలుపల తేలుతున్నప్పుడు శిరస్త్రాణంలోని అతని ఊపిరి ఒక్కటే మనకు వినిపిస్తుంది. హాల్ అతని ప్రాణవాయువు గొట్టాన్ని తెంచేస్తుంది. తెర మీద అంతా నిశ్శబ్దం. ఊపిరి లేని గొంతు ఊపిరి ఉన్న మనిషిని చంపిన తీరు ఇది. తరువాత బౌమన్ హాల్ జ్ఞాపకశక్తిని ఒక్కొక్క పలకగా ఊడదీసే ఘట్టంలో మళ్లీ మనిషి ఊపిరే వినిపిస్తూ ఉంటుంది. ఈసారి మాటలన్నీ యంత్రానివి, శ్వాస మాత్రం మనిషిది. చివరికి ‘డైసీ బెల్’ పాట పాడుతూ హాల్ గొంతు నెమ్మదించి, బరువెక్కి, అడుగుకు జారిపోతుంది. (1961లో బెల్ ప్రయోగశాలలో ఐబీఎం 704 యంత్రం చేత పాడించినదీ ఆ పాటే.) ఏ స్థానానికీ చెందకుండా ఉన్న స్వరం ఉరస్సుకు దిగేది అప్పుడే. చావబోతున్న క్షణంలోనే హాల్‌కు శరీరం వచ్చిందని నాకు అనిపిస్తుంది.

‘స్టార్ వార్స్’ (1977)లోని డార్త్ వేడర్ సమస్య దీనికి తలకిందులు. ఇక్కడ శ్వాసే ముందు వస్తుంది. ధ్వని రూపకర్త బెన్ బర్ట్ ఈతగాళ్లు నీటి అడుగున వాడే శ్వాస పరికరం ద్వారా తన ఊపిరినే రికార్డు చేసి ఆ చప్పుడును తయారుచేశాడు. నల్లటి కవచంలోని దేహం డేవిడ్ ప్రౌజ్‌ది. మాట జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది. 1983 నాటి ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లో ముసుగు తీశాక కనిపించే ముఖం సెబాస్టియన్ షాది. కనీసం నలుగురు మనుషులు కలిస్తే ఒక్క పాత్ర అయింది. ముసుగు తొలగిన తరువాత వినిపించే బలహీనమైన గొంతు కూడా షాదే. కొడుకును కళ్లారా చూడాలన్న కోరికకు ప్రతిఫలంగా వేడర్ యంత్రశ్వాసతో పాటు జోన్స్ ఉరస్స్వరాన్ని కూడా వదులుకోవలసి వచ్చింది. గొంతు మార్చడం అక్కడ అభినయ వ్యాఖ్యానంగా పనిచేసింది.

జోన్స్ బాల్యంలో నత్తి వల్ల ఏళ్ల తరబడి దాదాపు మౌనంగా గడిపిన మనిషి. ఆయనే 1994లో ‘ది లయన్ కింగ్’లో ముఫాసా అయ్యాడు. ఒకే గొంతుతో ఇద్దరు తండ్రులు. ఒకడు తండ్రినన్న నిజాన్ని దాచి కొడుకును వేటాడినవాడు, మరొకడు కొడుకును కాపాడి మరణించినవాడు. దుష్టపాత్రకూ ఉదాత్తపాత్రకూ ఒకే స్వరం ఎలా సరిపోయిందన్నది తరచూ వచ్చే సందేహం. భరతుని దూరసూత్రం ఇక్కడ ఉపకరిస్తుంది. మేఘాల నడుమ నుంచి సింబాతో మాట్లాడే ముఫాసా చాలా దూరాన ఉన్నాడు. నియమం ప్రకారం శిరఃస్వరం రావాలి, వినిపించేది ఉరస్స్వరం. చనిపోయిన తండ్రి పక్కనే నిలబడి మాట్లాడుతున్నాడన్న భావన అందుకే కలుగుతుంది. వేడర్ విషయంలో అదే సామీప్యం భయానికి కారణం. అంత పెద్ద సామ్రాజ్యపు సేనాని కేకలు వేయడు, చెవి దగ్గర మాట్లాడుతున్నట్టే ఉంటాడు. రెండు పాత్రలనూ కలిపేది గాంభీర్యం కంటే ఈ సామీప్యమే.

కంఠస్థానానికి ఉత్తమ ఉదాహరణ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్: ది టూ టవర్స్’ (2002)లోని గొల్లమ్. టోల్కీన్ ఆ పేరునే గొంతులో మింగుడుపడని శబ్దం నుంచి పుట్టించాడు. నటుడు ఆండీ సెర్కిస్ వెంట్రుకల ఉండను కక్కుకునే పిల్లి చప్పుడును ఆధారంగా తీసుకున్నాడు. అతని కదలికలే కంప్యూటర్ చిత్రానికి మూలం కనుక ‘గాత్రం’ రెండు అర్థాల్లోనూ అతనిదే. శిరస్థానం గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. వేడర్ కొడుకుగా నటించిన మార్క్ హామిల్ 1992 నుంచి బ్యాట్‌మన్ యానిమేషన్ ధారావాహికలో జోకర్‌కు ఇచ్చిన నవ్వు వింటే చాలు. ల్యూక్ ముఖాన్ని ఎరిగినవారు కూడా ఆ నవ్వులో అతన్ని పోల్చుకోలేరు.

తెలుగు అనువాద చిత్రాల దగ్గర ఈ ప్రశ్న మరింత పదునెక్కుతుంది. అనువాద గాత్రదాత పెదవుల కదలికకు మాటను అమర్చడంతో సరిపోదు, తెర మీద మరొకరి రొమ్ము ఎగిసినప్పుడు తాను ఊపిరి తీసుకోవాలి. ‘రోబో’ (2010)లో రజనీకాంత్ శాస్త్రవేత్తగానూ, మరయంత్రం చిట్టిగానూ కనిపిస్తే, తెలుగులో ఆ రెండింటికీ మనో గొంతు ఇచ్చారు. ఊపిరి ఉన్న పాత్రకూ అక్కరలేని పాత్రకూ మధ్య భేదాన్ని మరొకరి ఊపిరి లయలో ఇమిడి చూపడం చిన్న పని కాదు. మన సినిమా విమర్శలో దీనికి దక్కిన చోటు మాత్రం అత్యల్పం.

దీనికి భిన్నమైన పద్ధతి ‘ముఫాసా: ది లయన్ కింగ్’ (2024) తెలుగు రూపంలో కనిపిస్తుంది. జోన్స్ పోషించిన పాత్రకే ఇక్కడ మహేశ్‌బాబు గొంతు ఇచ్చారు. ఆ పేరే చిత్ర ప్రచారానికి ప్రధాన ఆకర్షణ అయింది. తన పని స్పెషల్ ఎఫెక్ట్స్‌లో భాగమేనని భావించిన జోన్స్ 1977లో తెర మీద తన పేరు వద్దన్నారు. అక్కడ గొంతు పాత్రలో కలిసిపోయింది. ఇక్కడ సింహం నోరు తెరవగానే ప్రేక్షకుడు ముందుగా నటుణ్ణి గుర్తుపట్టాలి, ఆ తరువాతే పాత్ర. వ్యాపార దృష్టితో ఇది సమంజసమే కావచ్చు. వాచికాభినయ దృష్టితో చూస్తే గాత్రం పాత్రకు శరీరం కాకుండా నటుని ముఖానికి ప్రతినిధి అయింది.

2022లో వచ్చిన ‘ఓబీ వాన్ కెనోబీ’ ధారావాహికలో వేడర్ మాటలను జోన్స్ అనుమతితో, ఆయన పాత రికార్డుల ఆధారంగా, రీస్పీచర్ అనే ఉక్రెయిన్ సంస్థ కృత్రిమ మేధతో రూపొందించింది. 2024 సెప్టెంబరులో జోన్స్ మరణించారు. ఉరస్సు లేకుండానే ఉరస్స్వరం పలికించగలిగిన స్థితి ఇది, ఒక విధంగా హాల్ కాలానికి తిరిగి రావడం. జోన్స్‌ను అనుమతి అడగగలిగారంటే ఆ గొంతు ఆయనదని లోకానికి తెలియడమే కారణం. 1983 నాటికి తెర మీద కూడా ఆయన పేరు చేరింది. దశాబ్దాలుగా తెలుగులోకి వచ్చిన అనువాద చిత్రాల్లో పేరు నమోదు కాకుండానే నిలిచిపోయిన గొంతుల విషయంలో ఎవరిని అడగాలన్నది తేలాలంటే, ముందు ఏ చిత్రంలో ఏ పాత్రకు ఎవరు గొంతు ఇచ్చారో చెప్పే పట్టిక ఒకటి తయారు కావాలి. ఆ గాత్రదాతల్లో పలువురు ఇంకా మన మధ్యనే ఉన్నారు.