చేతిలోని యంత్రానికి స్పర్శజ్ఞానం

జేబులో ఇమిడే కంప్యూటరు తనను ఎవరో పట్టుకొన్నారని గ్రహించగలదా? కెన్ హింక్లీ, మరి ముగ్గురు సహపరిశోధకులు 2000లో ప్రకటించిన పరిశోధన పత్రంలో దీనికి సమాధానమున్నది. వారు ఒక కాసియో యంత్రానికి స్పర్శగ్రాహకాలను, వాలును కొలిచే సాధనాన్ని, పరారుణ కాంతితో సామీప్యాన్ని పసికట్టే సాధనాన్ని అమర్చినారు. యంత్రం చేతిలో ఉండి, తగినంత వాలి, ముఖానికి దగ్గరైతే మాటను ముద్రించడం మొదలుపెడుతుంది. మీట వెదకనక్కరలేదు. ఏ ఒక్క గ్రాహకాన్నీ నమ్మక, మూడింటి సాక్ష్యాన్నీ కలిపి చూడడమే ఇందులోని గొప్ప.

అయితే ఒక చిక్కున్నది. పరారుణ సాధనం కొలిచేది నిజానికి దూరం కాదు, తిరిగివచ్చిన కాంతి. తెల్లని గుడ్డ, నల్లని జుట్టు ఒకే దూరంలో ఉన్నా కాంతిని ఒకే విధంగా తిప్పిపంపవు. పొరబాటు తప్పదు. పిలిచినప్పుడు పలకకపోతే విసుగు మాత్రమే. పిలవకుండానే మన మాటలను ముద్రిస్తే? ఈ తేడాను ఇంకా గట్టిగా విచారించవలసింది.

2007లో వచ్చిన ఐఫోను సామీప్యగ్రాహకానికి చిన్న పనే అప్పగించింది: చెవి దగ్గరకు రాగానే తెరను ఆర్పి, చెంప తాకిడికి పలకకుండా చేయడం. అక్కడ గ్రాహకం పొరబడినా తెర ఆరుతుంది, లేదా వెలుగుతుంది.